స్టెరాయిడ్ తర్వాత ఏ మందో, మమ్మల్నీ అడిగి రాయండి

అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో ఐటీపీ రోగులను చూసే డాక్టర్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను అనంతపురం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే టీచర్ని. మా చెల్లెలికి 27 ఏళ్ళు. కళ్యాణదుర్గంలో ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఏడాదిన్నర కిందట తనకు ఐటీపీ అని తేలింది. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే ప్లేట్‌లెట్లను పరాయివనుకుని చంపేసే జబ్బు. ఆ జబ్బు గురించి మీకు చెప్పేటంత దాన్ని కాను. ఆ జబ్బుతో బతుకుతున్న మనిషి గురించి చెప్పాలనీ, స్టెరాయిడ్ నిలబడనప్పుడు ఆ తర్వాతి మందును మీరు ఎంచే పద్ధతి గురించి ఒక మాట అడగాలనీ ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదట కాళ్ళ మీద కనపడింది. పట్టీలు ఒరుసుకునే చోట సూదిమొనతో పొడిచినట్టు ఎర్రటి చుక్కలు. వేలితో నొక్కితే మాయం కాలేదు. దోమలు కుట్టాయనుకున్నాం. రెండు రోజులకు మిషన్ బల్ల అంచు తగిలిన చోట తొడ మీద అరచేతంత కమిలింది. ఆ నెల నెలసరి పది రోజులైనా ఆగలేదు. వానాకాలం కాబట్టి ఇంటికి వచ్చినవాళ్ళంతా డెంగీ అన్నారు, బొప్పాయాకు రసం పిండి తాగించారు. జ్వరం మాత్రం ఒక్కరోజు కూడా రాలేదు. సీబీపీ చేయిస్తే ప్లేట్‌లెట్లు 9 వేలు. లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాల్సినవి. ల్యాబ్ పిల్లవాడు కాగితం ఇస్తూ, "రెండుసార్లు చేసినా మేడం, అంతే వచ్చింది" అన్నాడు. వాడి చేతులు వణకడం నేను చూశాను.

మొదటి వైద్యం సరిగానే జరిగింది. ఆ రాత్రి అడ్మిట్ చేసుకున్న డాక్టరమ్మ స్లైడు మీద రక్తపు చుక్కను స్వయంగా చూశారు. ట్యూబులో ప్లేట్‌లెట్లు గుంపులుగా అతుక్కుని మిషన్ లెక్క తప్పిందేమోనని అనుమానం తీర్చుకున్నారు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ పరీక్షలకు పంపారు. స్టెరాయిడ్ మొదలుపెట్టారు. పది రోజుల్లో కౌంటు 84 వేలకు వచ్చింది. ఆమెకు మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉంటాం.

తర్వాత చూపించుకోవడానికి ఇంటికి దగ్గరగా ఉందని ఒక క్లినిక్‌కు మారాం. అక్కడి నుంచి కథ ఒక్కచోటే తిరిగింది. ఆ స్టెరాయిడ్ మాత్ర, ప్రెడ్నిసలోన్, 40 మిల్లీగ్రాముల నుంచి 20కి దించితే బాగుండేది. 10కి దించగానే కౌంటు 15 వేలకు పడిపోయేది. "మళ్ళీ పెంచుదాం" అనేవారు. పెంచితే ఎక్కేది, దించితే పడేది. ఇలా నాలుగుసార్లు. ఏడు నెలలు.

ఆ ఏడు నెలల్లో నా చెల్లెలి మొహం పోయింది. ఇంకెలా చెప్పాలో తెలియడం లేదు. బుగ్గలు ఉబ్బి కళ్ళు లోపలికి పోయాయి, మెడ వెనక కండ లేచింది, పై పెదవి మీద నూగు వచ్చింది. పరగడుపున షుగర్ 160 దాటింది. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి, మళ్ళీ పట్టక, లైటు వేసుకుని మిషన్ ముందు కూర్చునేది. ఆ వేళప్పుడు కుట్టిన చేతులు పొద్దున విప్పదీసి మళ్ళీ కుట్టేది. చిన్నదానికే ఏడ్చేది, చిన్నదానికే అరిచేది. ఒకరోజు పక్కింటామె నవ్వుతూ, "ఏమ్మా, ఒళ్ళు చేసినావు, ఏమన్నా విశేషమా?" అని అడిగింది. పెళ్ళయి మూడేళ్ళు, ఇంకా పిల్లలు లేరు. తను లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ఆ పూట అన్నం తినలేదు.

అమెరికన్ సొసైటీ ఆఫ్ హెమటాలజీ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు నేను తర్వాత చదివాను. పెద్దవాళ్ళకు ప్రెడ్నిసలోన్ ఇస్తే, తగ్గించే రోజులతో కలిపి, ఆరు వారాలు దాటకుండా చూడమని గట్టిగా చెప్పారు. ఆరు వారాలు! మేము ఏడు నెలలు మింగించాం. స్టెరాయిడ్ మానగానే కౌంటు పడిపోతోందంటే, మొదటి మందు ఓడిపోయిందని అర్థం. కౌంటు ఎక్కిన వారం చూసి అది గెలిచిందనుకోవడం వల్లే మా ఏడు నెలలు పోయాయి. మీ దగ్గరికి వచ్చే ప్రతి ఐటీపీ రోగికీ, మొదటి చీటీ రాసిన రోజే, "ఈ మందు ఇన్ని వారాలే. దీంతో నిలబడకపోతే వేరే దారులు ఉన్నాయి" అని చెప్పండి. వేరే దారులున్నాయనే మాట ఒక్కటి ఆ రోజుల్లో మా చెవిన పడి ఉంటే, తను అన్ని రాత్రులు ఏడ్చేది కాదు.

చెప్పినా అర్థం కాదని మీరు అనుకుంటూ ఉంటే, మా అమ్మ సంగతి చెబుతాను. ఆమె బడికి పోలేదు. ఈ జబ్బును నేను ఆమెకు బోరు, తొట్టి పెట్టి చెప్పాను. ఎముకల్లోని మూలుగ బోరులాంటిది, ప్లేట్‌లెట్లు అది పోసే నీళ్ళు. మామూలుగా ఒక ప్లేట్‌లెట్ ఏడు నుంచి పది రోజులు బతుకుతుంది. మన పిల్లకు తొట్టికి చిల్లి పడింది, కడుపులో ఉండే ప్లీహం (స్ప్లీన్) వాటిని పట్టి మింగేస్తోంది. బోరు కూడా పోయాల్సినంత పోయడం లేదు. కొన్ని మందులు చిల్లి పూడుస్తాయి. స్టెరాయిడ్, రిటుక్సిమాబ్, అజాథయోప్రిన్, ప్లీహం తీసే ఆపరేషన్, అన్నీ ఆ కోవలోవే. ఎల్ట్రాంబోపాగ్, రోమిప్లోస్టిమ్ లాంటివి చిల్లి జోలికి పోకుండా బోరు చేత ఎక్కువ నీళ్ళు పోయిస్తాయి. అమ్మ కాసేపు ఆలోచించి, "అయితే బోరు ఆపితే తొట్టి మళ్ళా ఎండిపోతాది గదా?" అంది.

బోరు చేత పోయించే ఈ మందుల గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. చాలామందికి ఆ మాత్ర ఆపితే కౌంటు మళ్ళీ పడుతుంది, ఉన్నట్టుండి ఆపితే మునుపటికంటే కిందికి పోయి రక్తం కారే ప్రమాదమూ ఉంది. కొందరికి మాత్రం మెల్లగా తగ్గించుకుంటూ పోతే ఆపిన తర్వాత కూడా నిలబడుతుంది. అంటే ఈ మందు మొదలుపెట్టడమంటే నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి ఖర్చుకు సిద్ధపడడం. డబ్బులు సర్దుబాటు కాక నెల మధ్యలో ఆపేసే ఇంటికి ఈ మందు రాసేముందు ఆ సంగతి చెప్పాలి కదా. అక్షరం రాని మా అమ్మ అడగగలిగిన ప్రశ్నను అడిగే చోటు మీ గదిలో ఉండాలి.

మాకు ఎల్ట్రాంబోపాగ్ రాసిన రోజు గురించి చెబుతాను. ఎనిమిదో నెలలో, ఆ క్లినిక్‌లోనే. "కొత్త మందు, ఖరీదైంది, దీంతో పెరగాల్సిందే" అన్నారు. చీటీ మీద రోజుకొకటి, పొద్దున, అని రాశారు. అంతే. మా మరిది, అంటే చెల్లెలి భర్త, సరుకుల ఆటో నడుపుతాడు. మొదటి నెల మందుకు ఆటో కాగితాలు పెట్టి అప్పు తెచ్చాడు. ఆరు వారాలు వాడాం. మాత్ర బలం 25 నుంచి 50కి, 50 నుంచి 75కి పెంచారు. కౌంటు 11 వేలు, 18 వేలు, 13 వేలు. "ఈ మందు నీకు పడలేదు, ప్లీహం తీయించుకోవడమే మిగిలింది" అని చెప్పేశారు.

ఎవరో చెబితే తెల్లవారుజామున బస్సెక్కి బెంగళూరు పోయాం. అక్కడి హెమటాలజిస్ట్, అంటే రక్తం జబ్బుల డాక్టరు, రిపోర్టులన్నీ తిరగేసి, పక్కన పెట్టి, చెల్లెలి వైపు తిరిగి, "ఈ మాత్ర ఎట్లా వేసుకుంటున్నావమ్మా? పొద్దున లేచిన దగ్గర్నుంచి చెప్పు" అన్నారు.

తను చెప్పింది. "ఆరింటికి లేచి పాలు పోసిన టీ తాగుతా సార్. తర్వాత ఆ మాత్ర. దాంతోపాటే స్టెరాయిడ్‌కని ఇచ్చిన కాల్షియం మాత్ర, రెండూ పొద్దున అనే రాసినారు. తొమ్మిదింటికి రాగిసంగటి, మజ్జిగ."

ఆయన తల పట్టుకున్నారు. కోపంతో కాదు, బాధతో. ఎల్ట్రాంబోపాగ్ కడుపులో కాల్షియం, ఇనుము, మెగ్నీషియం, అల్యూమినియం లాంటివి కనిపిస్తే వాటినే అంటుకుని రక్తంలోకి పోకుండా ఉండిపోతుంది. అందుకే పాలు, పెరుగు, కాల్షియం మాత్ర, ఐరన్ మాత్ర, గ్యాస్‌కు తాగే యాంటాసిడ్ సిరప్, వీటిలో ఏది తీసుకున్నా నాలుగు గంటలు ఆగి ఆ మాత్ర వేసుకోవాలి. మాత్ర వేసుకున్నాక మళ్ళీ వాటి జోలికి పోవడానికి రెండు గంటలు ఆగాలి. మందు డబ్బాలోని కాగితంలో ఇదంతా ఉంది. ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో. నేను జీవశాస్త్రం టీచర్ని అయ్యుండీ ఆ కాగితం విప్పి చూడలేదు. ఆ తప్పు నాది, దాన్ని మీ మీద వేయను.

కానీ ఒక్క మాట. అలాంటి కాగితాల్లో జున్ను అనీ, యోగర్ట్ అనీ రాస్తారు. రాగులని రాయరు. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. రాయలసీమలో ఆ మందు వాడే రోగికి రాగిసంగటి గురించి చెప్పకపోతే, మందు గురించి చెప్పనట్టే. అది ఏ విదేశీ కాగితంలోనూ దొరకదు. మా తిండి తెలిసిన మీరే చెప్పాలి.

ఆ రోజు నుంచి సంగటి మధ్యాహ్నానికి మారింది. కాల్షియం మాత్ర కూడా దాంతోపాటే. రాత్రి ఏడింటికి జొన్నరొట్టె, కూర. మజ్జిగ లేదు, పడుకునేముందు పాలు లేవు. పదిన్నరకు మాత్ర, ఒక గ్లాసు నీళ్ళు. అదే మందు, 75 కూడా కాదు, 50 మిల్లీగ్రాములే. మూడు వారాలకు కౌంటు 62 వేలు. రెండు నెలల్లో స్టెరాయిడ్ పూర్తిగా ఆగిపోయింది. ఆరు వారాలు మేము టీలో పోసుకున్న మందుకు పెట్టిన డబ్బు ఎంతో లెక్కేసుకున్నప్పుడు మా మరిది ఏమీ అనలేదు. బయటికి పోయి ఆటో తుడుచుకుంటూ కూర్చున్నాడు.

ఇంకో ఆరు వారాలు ఆలస్యమై ఉంటే చెల్లెలి కడుపు కోసి ఒక అవయవం తీసేవాళ్ళు. ఆపరేషన్ చెడ్డదని నేను అనడం లేదు. 1916లో ప్రాగ్‌లో పాల్ కాజ్నెల్సన్ అనే వైద్య విద్యార్థి సూచిస్తే మొదలైన ఆ వైద్యం ఇప్పటికీ మూడింట రెండు వంతుల మందికి ఏళ్ళ తరబడి నిలబడుతోంది. రోజూ మాత్ర మింగలేని, నెలనెలా డబ్బు కట్టలేని మనిషికి అదే మంచి దారి కావచ్చు. కానీ జబ్బు వచ్చిన మొదటి ఏడాదిలో తనంతట తానే సర్దుకునే అవకాశం ఉంది కాబట్టి కనీసం ఒక ఏడాది ఆగమని ఆ 2019 మార్గదర్శకాలే చెబుతున్నాయి. తీయాల్సి వస్తే రెండు వారాల ముందే న్యుమోకాకస్, మెనింజోకాకస్, హిబ్ అనే క్రిములు సోకకుండా టీకాలు పడాలి. ప్లీహం లేని మనిషికి జ్వరం వస్తే అది మామూలు జ్వరం కాదని, గంటల్లో ఆస్పత్రికి రావాలని జీవితాంతం గుర్తుండాలి. మాకు ఆపరేషన్ అన్నప్పుడు ఈ మూడింట్లో ఒక్కటీ చెప్పలేదు.

ఆ బెంగళూరు డాక్టరు గారు మందుల పేర్లు చెప్పడానికి ముందు అడిగిన ప్రశ్నలు నాకు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి. పిల్లలు కావాలనుకుంటున్నారా, ఎప్పుడు? ఇంటికి ఆస్పత్రి ఎంత దూరం, వారం వారం రాగలరా? ఇంట్లో ఫ్రిజ్ ఉందా, కరెంటు నిలకడగా ఉంటుందా? నెలకు ఎంత పెట్టగలరు, అప్పు చేయకుండా? ఆఖరున చెల్లెలిని అడిగారు: "ఈ జబ్బులో నీకు అన్నిటికంటే భయం దేనికి?" తను చెప్పింది, "రక్తం కారడానికి కాదు సార్. మళ్ళా ఆ మొగం వస్తాదేమోనని." మా మరిది తల తిప్పి తన వైపు చూశాడు. ఇన్నాళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నా ఆ మాట అతను అప్పుడే విన్నాడు.

ఆ ప్రశ్నల్లో ఒక్కటి కూడా వృథాగా అడిగింది కాదు. రోమిప్లోస్టిమ్ కూడా బోరును పోయించే మందే, దానికి తిండితో పేచీ లేదు. కానీ అది వారానికొక సూది. చల్లగా దాచాలి. ఏప్రిల్‌లో మా ఊరి ఎండకు, పోయే కరెంటుకు ఆ సూది ఇంట్లో పెట్టుకోవడం ఎంత కష్టమో మీకు తెలుసు. పూటకూళ్ళ ఇంట్లో తినే మనిషికో, వేళాపాళా లేకుండా తిరిగే లారీ డ్రైవరుకో, పాల గొడవ లేని ఆ సూదే నయం. అవాట్రోంబోపాగ్ అని ఇంకో మాత్ర ఉంది, అన్నంతో వేసుకోవచ్చు, పాలతో పేచీ లేదు. ఈ కోవ మందులన్నిటికీ రక్తం గడ్డకట్టే ప్రమాదం కొంచెం ఉంది కాబట్టి, మునుపు కాల్లో గడ్డ వచ్చినవాళ్ళను ముందే అడగాలి. ఎల్ట్రాంబోపాగ్‌కైతే కాలేయ పరీక్ష మొదట్లో రెండు వారాలకొకసారి, కుదుటపడ్డాక నెలకొకసారి.

రిటుక్సిమాబ్ వేరే లెక్క. నాలుగు వారాలు, వారానికొక సెలైన్, అంతటితో అయిపోతుంది. హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2007లోనే దీన్ని రెడిటక్స్ పేరుతో మన దేశంలో తెచ్చింది. రోజూ మాత్ర వద్దు, కోత వద్దు అనుకునేవాళ్ళకు ఇది ఆశ. మొదట్లో పదిమందిలో ఆరుగురికి కౌంటు పెరుగుతుంది, అయిదేళ్ళ తర్వాత కూడా నిలిచి ఉండేది ఇద్దరికో ముగ్గురికో. ఈ రెండో మాట కూడా చెప్పాలి. బెంగళూరులో మా పక్క కుర్చీలో తాడిపత్రి నుంచి వచ్చిన ఒక పెద్దాయన కూర్చున్నాడు. బండల ఫ్యాక్టరీలో పని. ఆయనకు రిటుక్సిమాబ్ అనుకున్నారట. మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బీ పరీక్షలు చేస్తే, మామూలుగా చేసే పరీక్షలో ఏమీ లేదు, కోర్ యాంటీబాడీ పరీక్షలో ఎప్పుడో వచ్చి పోయిన జాడ దొరికింది. ఆ మందు పడితే నిద్రపోతున్న ఆ వైరస్ లేచి కాలేయాన్ని తినేయగలదు. ఆయన మందు మార్చారు. ఒక్క పరీక్ష. దయచేసి ఆ రెండు పరీక్షలూ లేకుండా ఎవరికీ ఆ సెలైన్ ఎక్కించకండి. ఆ మందు తర్వాత ఆరు నెలల దాకా టీకాలు సరిగా పట్టవు, ఏడాది దాకా గర్భం వద్దంటారు. ఇరవై ఏడేళ్ళ ఆడపిల్లకు ఏడాది చిన్న మాట కాదు.

పాత మందుల గురించి మీరు మొహమాటపడుతున్నారని నాకు అనిపిస్తుంది. డాప్సోన్ కుష్టుకు వాడే మందు. చవక. ఐటీపీలో సగానికి దగ్గర మందికి ఎంతో కొంత పనిచేస్తుంది. జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్) పరీక్ష చేసి, అది తక్కువున్నవాళ్ళకు ఇవ్వకుండా చూసుకుంటే చాలు, కొన్ని వారాలు ఓపిక పట్టాలి. అజాథయోప్రిన్ పనిచేయడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది, కానీ కూలి చేసుకునే ఇల్లు కూడా కొనగలదు. వీటి పేర్లు చెబితే రోగి చిన్నబుచ్చుకుంటాడేమోనని, లేకపోతే కొత్త మందే రాయాలనే పట్టుదలతోనో, మాకు చెప్పడం లేదు. పేదవాడికి చవక మందు చెప్పడం చిన్నతనం కాదు. ఖరీదైన మందు పేరు ఒక్కటే చెప్పి పంపిస్తే, అది కొనలేక ఏ మందూ లేకుండా ఇంట్లో కూర్చునేవాళ్ళు ఉంటారు. అలాగే కొనలేడని మీరే తేల్చేసి కొత్త మందు పేరు దాచడమూ తప్పే. ఆటో కాగితాలు తాకట్టు పెట్టాలా వద్దా అన్నది మా మరిది నిర్ణయం. దానికి ముందు అన్ని పేర్లూ, అన్ని ధరలూ అతని ముందు ఉండాలి.

డానజోల్, మైకోఫినోలేట్ మాత్రం గర్భం సంగతి అడగకుండా ఆడపిల్లలకు రాయకండి. రెండూ కడుపులో బిడ్డకు చేటు చేసేవి. మా చెల్లెలి పాత చీటీల్లో ఒకచోట డానజోల్ ఉంది. రెండు నెలలు వాడింది. పెళ్ళయిందా, పిల్లలు కావాలా, ఈ నెల బయట చేరావా అని ఎవరూ అడగలేదు. ఆ రెండు నెలలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె జారుతుంది.

కౌంటు గురించి కూడా ఒక విన్నపం. మేము అంకెకు బానిసలమైపోయాం. ప్రతి సోమవారం ల్యాబ్, సాయంత్రం వాట్సాప్‌లో రిపోర్టు, ఆ రాత్రి ఇంట్లో అన్నం దిగుతుందా లేదా అన్నది ఆ అంకె మీద. రక్తం కారకుండా 30 వేల పైన ఉన్న పెద్దవాళ్ళకు చాలాసార్లు మందే అక్కర్లేదని, ఎల్ట్రాంబోపాగ్ వాడేటప్పుడు 50 వేలు దాటితే చాలని, లక్షన్నర చేరాల్సిన పని లేదని మాకు ఏడాది దాకా తెలియదు. 38 వేలే వచ్చిన రోజు భయపడి మా అమ్మ ఊరి గుడిలో పొర్లుదండాలు పెట్టింది. ఆ రోజు చెల్లెలికి ఒంటి మీద ఒక్క చుక్క లేదు, చిగుళ్ళలో రక్తం లేదు, హాయిగా కుట్టుకుంటోంది. మందు పనిచేస్తోందా అని అంకెను అడిగే ముందు మనిషిని అడగండి. నెలసరి ఎన్ని రోజులు ఉంది, రాత్రి నిద్ర పట్టిందా, పనికి పోగలుగుతున్నావా అని.

అంకెకు భయపడే మా బంధువులు నలుగురు గుంతకల్లు నుంచి వచ్చి ప్లేట్‌లెట్లు ఇచ్చారు. రెండు ప్యాకెట్లు ఎక్కించారు. మర్నాటికి కౌంటు ఉన్నచోటే ఉంది. 1950లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో విలియం హారింగ్టన్ అనే డాక్టరు ఐటీపీ రోగి రక్తాన్ని తన ఒంట్లోకి ఎక్కించుకున్నాడు. కొన్ని గంటల్లోనే ఆయన ప్లేట్‌లెట్లు అడుగంటిపోయాయి. కొన్ని రోజులకు గానీ తేరుకోలేదు. ఆ రక్తంలోని ఏదో ప్లేట్‌లెట్లను చంపుతోందని లోకానికి అలా తెలిసింది. అలాంటి ఒంట్లోకి ఎవరి ప్లేట్‌లెట్లు పోసినా వాటికీ అదే గతి. ప్రాణం మీదికి వచ్చే రక్తస్రావమైతే ఎక్కించాలి, తప్పదు. అంకె పెంచడానికైతే వద్దని మాకు ముందే చెప్పి ఉంటే ఆ నలుగురు రెండు రోజుల కూలి పోగొట్టుకునేవాళ్ళు కాదు.

పల్లెల్లో ఇంకో ప్రమాదం ఉంది. ఒళ్ళునొప్పులంటే ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి తుంటికి డైక్లోఫినాక్ సూది వేయించుకోవడం మాకు అలవాటు. కౌంటు 15 వేలున్న మనిషికి కండలోకి సూది వేస్తే లోపల రక్తం గడ్డ కడుతుంది. పైగా ఆ మందు ఉన్న ప్లేట్‌లెట్లను కూడా పనిచేయనివ్వదు. మీ చీటీ మీద పెద్ద అక్షరాలతో, తెలుగులో, "కండకు సూదులు వద్దు. ఆస్పిరిన్, బ్రూఫెన్, డైక్లోఫినాక్ వద్దు. జ్వరానికి పారాసెటమాల్ మాత్రమే" అని రాయండి. ఆ చీటీ చూపిస్తే మా ఊరి ఆర్‌ఎంపీ వింటాడు, నేను చెబితే వినలేదు. దాని కిందే, భరించలేని తలనొప్పి, మాట తడబడడం, నల్లటి విరేచనం, ఆగని రక్తం, వీటిలో ఏది కనిపించినా రాత్రనక పగలనక రావాలని కూడా రాయండి.

కర్నూలు వాళ్ళు హైదరాబాద్‌కు, కడప వాళ్ళు తిరుపతికో వేలూరుకో, మేము బెంగళూరుకో పోతూ ఉంటాం. ప్రతిచోటా కొత్త డాక్టరు మొదటినుంచి అడుగుతారు. ఏ మందు, ఏ తేదీన మొదలు, ఎంత మోతాదు, ఎన్ని వారాలు, కౌంటు ఎంతకు పోయింది, ఎందుకు ఆపారు. మా దగ్గర చిరిగిన చీటీలు తప్ప ఏమీ ఉండదు. ఈ వివరాలన్నీ ఒకే పేజీలో రాసి, సంతకం పెట్టి, రోగి చేతికి ఇవ్వండి. నేను చెల్లెలి కోసం ఒక రెండు వందల పేజీల నోటుబుక్కులో గళ్ళు గీసి రాశాను. బెంగళూరు డాక్టరు గారు దాన్ని ఫొటో తీసుకున్నారు.

మీ ఓపీలో ఒక్కో రోగికి అయిదు నిమిషాలు కూడా దొరకవని నాకు తెలుసు. మా స్కూల్లో ఒక్కో తరగతికి డెబ్భై మంది, నేనూ ఆ బాధ పడేదాన్నే. అందుకే ప్రతిరోజూ, ప్రతి రోగితో గంట మాట్లాడమని అడగడం లేదు. స్టెరాయిడ్ నుంచి ఇంకో మందుకు మార్చే ఆ ఒక్కరోజు, ఒక్కసారి, అరగంట. ఇంట్లోవాళ్ళను కూడా పిలిపించండి. పిల్లల సంగతి, దూరం, డబ్బు, తిండి, భయం, ఈ అయిదూ అడిగాక కలం పట్టండి. ఆ అరగంట మా చెల్లెలికి అంత ఆలస్యంగా కాకుండా రెండో నెలలో దొరికి ఉంటే అని నేను అనుకోని రోజు లేదు.

ఇప్పుడు తన కౌంటు 60 వేల దగ్గర నిలకడగా ఉంది. మొహం మళ్ళీ తన మొహంలాగే ఉంది, పాత జాకెట్లు పడుతున్నాయి. వచ్చే నెల 14న మళ్ళీ మీలో ఒకరి దగ్గరికి వస్తున్నాం, ఈసారి మన జిల్లాలోనే చూపించుకోవాలని అనుకున్నాం. తను బిడ్డ కోసం ఈ మాత్ర ఎప్పుడు తగ్గించవచ్చో, గర్భం వచ్చాక కౌంటు పడితే ఏ మందులు వాడతారో, కాన్పు ఎక్కడ పెట్టుకోవాలో అడగాలని నాలుగు ప్రశ్నలు తెలుగులో రాసుకుంది. నాలుగోది నాకు చూపించలేదు, మిమ్మల్నే అడుగుతానంది. ఆ కాగితం తన దగ్గర ఉంటుంది. మీరే అడిగి తీసుకోండి.

ఇట్లు,
ఒక ఐటీపీ రోగి అక్క,
అనంతపురం జిల్లా